వంటిల్లు పగలగొట్టే ముందు

శ్రావణీ,

న్యూజెర్సీలో, మెటచెన్‌లో 1926 నాటి ఇల్లు కొన్నారని, వంటిల్లు మార్చి వెనక వరండాని మడ్‌రూమ్, అదే బూట్లూ కోట్లూ విప్పే గది, చేయిస్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఈ దేశంలో నా చెల్లెలి కూతురు సొంతిల్లు కట్టుకున్నంత సంబరపడ్డాను. పురుడు వచ్చేలోపే పనంతా అయిపోవాలన్నావట, అది వినగానే టెన్షన్ మొదలైంది. అంత తొందరేమిటే?

పర్మిట్ తీసుకో. గోడ తీసేముందు అది బరువు మోసేదో కాదో ఇంజనీర్‌కి చూపించు. చేతిలో కొంత డబ్బు విడిగా ఉంచుకో, పాత గోడ విప్పాక ఏ వైరింగ్ బయటపడుతుందో తెలీదు.

నా భయమంతా రంగు గురించే. ఇక్కడ ఇళ్ళకి సీసం కలిపిన పెయింట్ వాడకూడదన్నది 1978లో. మీ తలుపులకీ కిటికీలకీ అంతకుముందు ఎన్ని పూతలు వేశారో! పెచ్చులూడకుండా ఉన్నంతకాలం ఫరవాలేదు. గీకినా, తలుపులూ కిటికీలూ ఒరుసుకుని దుమ్ము రాలినా ముప్పే.

మా పాతింట్లో వెనక గుమ్మం మీ పెదనాన్నే గీకారు. దీనికి కూడా మనిషిని పెట్టాలా అని శాండర్, అదే రంగు అరగదీసే మెషిన్, అద్దెకి తెచ్చి, ఆ రోజంతా పొడిగానే రుద్దారు. సన్నటి దుమ్ము ఇల్లంతా పరుచుకుంది. మీ అన్నయ్య అప్పుడు పాకుతున్నాడు. ఆ నేల మీదే ఆటలు, ఆ చేతులే నోట్లోకి. తర్వాత మామూలుగా చేసే రక్తపరీక్షలో సీసం ఎక్కువుందని డాక్టర్ ఫోన్ చేశారు. వాడికి జ్వరం లేదు, ఏడుపు లేదు. చక్కగా ఆడుకుంటున్నాడు. అదే భయంకరం, పైకి ఏమీ కనబడదు. మళ్ళీ పరీక్ష అంటే ముందురాత్రి పెదనాన్నకి నిద్ర ఉండేది కాదు. కిటికీలూ నేలా తడిగుడ్డతో తుడవడం, వాడి చేతులు కడగడం, పాలకూర పప్పు తినిపించడం, ఇదే మా బతుకు. అంకె మెల్లగా దిగింది. ఇప్పుడు వాడే నాకు ట్యాక్స్ పాఠాలు చెబుతున్నాడనుకో. కానీ సీసం పిల్లల మెదడుని దెబ్బతీస్తుందంటారుగా, బళ్ళో వాడికి ఎప్పుడు ఓ మార్కు తగ్గినా పెదనాన్న మొహం చూడలేకపోయేదాన్ని.

నువ్వు పీల్చినది కడుపులో బిడ్డకీ చేరుతుంది. అందుకే చెబుతున్నా, 2010 నుంచి ఇలాంటి ఇళ్ళలో పెయింట్ కదిలించే కాంట్రాక్టర్‌కి ఈపీఏ, అంటే ఇక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థ, సర్టిఫికేషన్ ఉండాలి. మొహమాటపడకుండా కాగితం అడుగు. ప్లాస్టిక్ షీట్లు కట్టి, తడిపి గీకి, సన్నటి దుమ్ముని కూడా పట్టే హెపా వాక్యూమ్‌తో ఎత్తాలి. మీ ఆయన సరదాపడి సుత్తి పట్టుకుంటే నా పేరు చెప్పి లాక్కో. నేల మీద పరిచిన లినోలియం షీటు కింద పాత తొమ్మిదంగుళాల టైల్స్ కనబడితే పరీక్ష చేయించందే ఊడబీకనివ్వద్దు, ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు.

పొయ్యి మీద హుడ్ పొగని బయటికి పంపేదై ఉండాలి. పొయ్యి పైన బిగించే కొన్ని మైక్రోవేవ్‌ల ఫ్యాన్లు ఆ పొగనే తిప్పి వంటింట్లోకి వదులుతాయి. మడ్‌రూమ్‌కీ వంటింటికీ మధ్య తలుపు పెట్టించు, లేకపోతే కోట్లన్నీ ఇంగువ వాసనతో ఆఫీసుకొస్తాయి. అక్కడ నేలకి చెక్క వద్దు, మంచూ రోడ్డు మీది ఉప్పూ బూట్లతో వచ్చిపడతాయి, టైల్ వేయించు. గోడవారగా ఓ బల్ల కూడా. నిండు నెలల్లో వంగి బూట్లు విప్పడం ఏమంత సులువు కాదమ్మా.

పగలగొట్టే పని మొదలయ్యేముందు మా ఇంటికొచ్చెయ్. కింది గదిలో మంచం వేయించాను, మెట్లెక్కే పని లేదు. తేదీ తెలియగానే ఫోన్ చెయ్యి, పెదనాన్న కారు తెస్తారు.

నీ పెద్దమ్మ