‘షుడ్ యు నీడ్’ అంటే ప్రశ్న కాదండీ

ప్రశ్న: మేడమ్, డిగ్రీ దాకా తెలుగు మీడియం చదివాను, ఇప్పుడు ఒక ఆఫీసులో క్లయింట్ మెయిల్స్ చూసే పని. ‘షుడ్ యు నీడ్ ఎనీ హెల్ప్, ప్లీజ్ కాల్ అస్’ అని వస్తుంటే ప్రశ్నేమో, క్వశ్చన్ మార్క్ పెట్టడం మర్చిపోయారేమో అనుకునేవాణ్ణి. మొన్న ఇంకో దాంట్లో ‘నెవర్ హావ్ వి ఫేస్డ్ దిస్ ప్రాబ్లమ్’ అని ఉంది. ‘వి హావ్’ కదా రావాల్సింది? ఫార్మల్‌గా ఉండాలంటే నేను కూడా ఇలా తిప్పి రాయాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రెండు వాక్యాలూ కరెక్టేనండీ. దీన్ని ఇన్వర్షన్ అంటారు, అంటే సబ్జెక్ట్ కంటే ముందు హెల్పింగ్ వెర్బ్ వచ్చేయడం, అచ్చం ప్రశ్నలో వచ్చినట్టే, అందుకే మీకు ప్రశ్నలా అనిపించింది.

మనకిది ఎందుకు వింతగా ఉంటుందంటే తెలుగులో మాటల్ని ఎటు తిప్పినా ఇబ్బంది లేదు, ‘ఇంత జనాన్ని నేనెప్పుడూ చూళ్ళేదు’ అన్నా ‘చూళ్ళేదు నేనెప్పుడూ ఇంత జనాన్ని’ అన్నా అర్థం చెడదు, ఎందుకంటే ఎవరు, ఎవర్ని అనేది మాట చివర్లోనే తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో ఆ పని చాలావరకు మాట ఉన్న చోటు చేస్తుంది కాబట్టి ఇష్టమొచ్చినట్టు తిప్పలేం, తిప్పడానికి ఒక కారణం కావాలి.

ఆ కారణం ఎక్కువగా ఏంటంటే, కాదు లేదు అనే అర్థమున్న మాట వాక్యం మొదట్లోకి రావడం. నెవర్, రేర్లీ, సెల్డమ్, హార్డ్లీ, లిటిల్, నాట్ ఓన్లీ, అండర్ నో సర్కమ్‌స్టాన్సెస్ లాంటివి. చర్చిల్ 1940 ఆగస్టు 20న బ్రిటన్ పార్లమెంట్‌లో తమ పైలట్ల గురించి చెప్పిన మాట చూడండి, ‘నెవర్ ఇన్ ద ఫీల్డ్ ఆఫ్ హ్యూమన్ కాన్‌ఫ్లిక్ట్ వాజ్ సో మచ్ ఓడ్ బై సో మెనీ టు సో ఫ్యూ’. నెవర్ ముందుకొచ్చింది కాబట్టి వాజ్ కూడా ‘సో మచ్’ కంటే ముందుకొచ్చేసింది. ఇప్పుడు 1947 ఆగస్టు 14 రాత్రి నెహ్రూ చేసిన ప్రసంగం తీసుకోండి, ‘ఎట్ ద స్ట్రోక్ ఆఫ్ ద మిడ్‌నైట్ అవర్, వెన్ ద వరల్డ్ స్లీప్స్, ఇండియా విల్ అవేక్’ అన్నారు, ‘విల్ ఇండియా’ అనలేదు, ఎందుకంటే ముందున్నది టైమ్ చెప్పే మాటే గానీ లేదు అనే మాట కాదు. అదే ప్రసంగంలో ‘విచ్ కమ్స్ బట్ రేర్లీ ఇన్ హిస్టరీ’ అని ఉంది, అక్కడ రేర్లీ ఉంది గానీ వెర్బ్ తర్వాత ఉంది, సో ఏమీ తిరగలేదు. ఈ మూడు వాక్యాలూ పక్కపక్కన రాసుకుంటే సగం రూల్ వచ్చేసినట్టే, నాకైతే ఏ గ్రామర్ టేబుల్ కన్నా ఇవే ఇష్టం.

హెల్పింగ్ వెర్బ్ లేని వాక్యమైతే డూ, డజ్, డిడ్ తెచ్చుకోవాలి. ‘హీ రేర్లీ కమ్స్ లేట్’ కాస్తా ‘రేర్లీ డజ్ హీ కమ్ లేట్’ అవుతుంది. మనవాళ్ళు ఎక్కువగా పడేది ఇక్కడే, ‘డజ్ హీ కమ్స్’, ‘డిడ్ హీ కేమ్’ అని రాసేస్తారు. డజ్ వచ్చాక కమ్ మీద ఎస్ ఉండదండీ, డిడ్ వచ్చాక కేమ్ మళ్ళీ కమ్ అయిపోవాలి.

ఇక మీ ‘షుడ్ యు నీడ్’ వేరే రకం. అక్కడ ఇఫ్ తీసేశారు, ‘ఇఫ్ యు షుడ్ నీడ్’ అన్నమాట. షుడ్, హాడ్, వర్ ఈ మూడింటితోనే ఇలా చేస్తారు. ‘హాడ్ ఐ నోన్, ఐ వుడ్ హావ్ కమ్’, ‘వర్ ఐ ఇన్ యువర్ ప్లేస్’. నాట్ కలపాలంటే ‘హాడ్ ఐ నాట్ నోన్’ అని విడిగా రాయాలి, ‘హాడంట్ ఐ నోన్’ అనకూడదు.

మీరు రాయాలా అంటే, ‘షుడ్ యు నీడ్’ నిశ్చింతగా రాయండి, మర్యాదగా ఉంటుంది. రూల్స్ చెప్పే చోట ‘అండర్ నో సర్కమ్‌స్టాన్సెస్ షుడ్ ద పాస్‌వర్డ్ బి షేర్డ్’ కూడా బాగుంటుంది, గట్టిగా చెప్పినట్టు ఉంటుంది. కానీ మామూలు మెయిల్‌లో ‘నెవర్ హావ్ ఐ’ అంటే స్టేజి మీద మాట్లాడినట్టు అయిపోతుంది, ‘వి హావ్ నెవర్ ఫేస్డ్’ కూడా పూర్తిగా ఫార్మల్ ఇంగ్లిషే. తెలుగు మీడియం నుంచి వచ్చాం కాబట్టి ఎక్కువ చూపించాలి అనే ఒత్తిడి దయచేసి పెట్టుకోవద్దు, క్లయింట్‌కి కావాల్సింది అర్థమయ్యే మెయిలే.

ప్రశ్న: బ్యాంక్ ఎగ్జామ్‌కి ప్రిపేర్ అవుతున్నాను. ‘నో సూనర్ డిడ్ హీ రీచ్ ద స్టేషన్ వెన్ ద ట్రైన్ లెఫ్ట్’, ఇందులో ఎర్రర్ ఎక్కడ మేడమ్? ఓన్లీ ఆఫ్టర్‌తో కూడా ప్రతిసారీ కన్ఫ్యూజ్ అవుతున్నా.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఎర్రర్ ‘వెన్’ దగ్గరుందమ్మా. సూనర్ అనేది కంపారిటివ్, బెటర్ దాన్, బిగ్గర్ దాన్ లాగా దానికీ దాన్ కావాలి. వెన్ వచ్చేది హార్డ్లీకి, స్కేర్స్లీకి, ‘హార్డ్లీ హాడ్ హీ రీచ్డ్ ద స్టేషన్ వెన్ ద ట్రైన్ లెఫ్ట్’. పేపర్ సెట్ చేసేవాళ్ళు ఈ రెండింటినీ మార్చి మార్చి ఇస్తుంటారు, కాబట్టి జతలుగానే గుర్తుపెట్టుకో.

ఓన్లీ ఆఫ్టర్‌లో రెండు ముక్కలుంటాయి, తిరగాల్సింది రెండోది. ‘ఓన్లీ ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్డ్ డిడ్ ద మ్యాచ్ స్టార్ట్’. వాన ముక్క ఎలా ఉందో అలాగే ఉంటుంది, మ్యాచ్ ముక్కలోనే డిడ్ వస్తుంది. నాట్ ఓన్లీ సబ్జెక్ట్‌కే అతుక్కుని ఉంటే మాత్రం అసలు తిప్పొద్దు, ‘నాట్ ఓన్లీ ద టీచర్ బట్ ఆల్సో ద స్టూడెంట్స్ కేమ్’, అంతే.

ప్రశ్న: ‘ఐ డోంట్ నో వేర్ ఈజ్ హీ’ అంటే మా అబ్బాయి తప్పంటున్నాడు. వేర్ ఉంటే ప్రశ్నే కదండీ?
– ఒక తల్లి, రాజమండ్రి

జవాబు: మీ అబ్బాయి చెప్పిందే రైటండీ, ‘ఐ డోంట్ నో వేర్ హీ ఈజ్’ అనాలి. మీరు అడగట్లేదు, తెలీదని చెప్తున్నారు, అందుకని లోపలి ముక్క మామూలు వరసలోనే ఉండాలి. నిజంగా అడిగేటప్పుడు కూడా ‘కెన్ యు టెల్ మి వేర్ హీ ఈజ్’ అనే అంటాం, ఎందుకంటే తిరగాల్సింది ‘కెన్ యు’ దగ్గరే తిరిగిపోయింది, ఇక లోపల మళ్ళీ తిప్పక్కర్లేదు.