పత్తిలో ఎన్‌పీవీ పని చేయలేదంటే ఆకును కూడా అనుమానించాలి

అన్నా, టమాటాలో కొట్టిన ఎన్‌పీవీకి (పురుగులకు జబ్బు తెచ్చి చంపే వైరస్ మందుకు) శనగపచ్చ పురుగులు తలకిందులుగా వేలాడి చచ్చాయని, అదే సీసా పత్తిలో కొడితే చాలా పురుగులు బతికాయని, మందు నకిలీదేమో అని రాశారు. టమాటాలో పని చేసింది కాబట్టి మందు మీద టెన్షన్ వద్దు. పురుగు తిన్న ఆకు చూడండి.

ఈ వైరస్ ముందు పేగు గోడ కణాల్లో చేరి, అక్కడి నుంచి ఒళ్లంతా పాకాలి. పత్తి ఆకులో పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ ఎక్కువ. పురుగు ఆకు నమిలినప్పుడు దానివల్ల పుట్టే రసాయనాలు పేగు కణాలను దెబ్బతీస్తాయి. పురుగు ఆ పాడైన కణాలను రాల్చేసి కొత్తవి పెంచుకుంటుంది. వాటితోపాటే వైరస్ కూడా బయటికి పోతుంది. మన పురుగుకు దగ్గరి చుట్టమైన పొగాకు మొగ్గ పురుగు మీద అమెరికాలో చేసిన పరిశోధనల్లో ఇది కనిపించింది. మొక్క పురుగును ఆపడానికి పెట్టుకున్న ఆయుధం పురుగుకే కవచం కావడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. శనగలో దారి వేరు: ఆకు మీది ఐసోఫ్లేవనాయిడ్లు అనే రసాయనాలు కడుపులోకి వెళ్లకముందే వైరస్‌ను దెబ్బతీస్తాయి.

అందుకే పత్తిలో గుడ్లు పొదిగి పిల్ల పురుగులు కనబడగానే కొట్టండి, ముదిరితే వైరస్‌ను బాగా తట్టుకుంటాయి. లింగాకర్షక బుట్టల్లో (ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించి పట్టే బుట్టలు) రెక్కల పురుగులు పెరగడం చూసి సిద్ధంగా ఉండండి. ఎండకు వైరస్ చచ్చిపోతుంది, సాయంత్రమే కొట్టాలి. ద్రావణంలో కాస్త బెల్లం, బట్టల నీలిమందు కలపండి. ముదురు పురుగులను చేత్తో ఏరేయడమే మేలు.