శుక్రవారం వద్దండీ, శనివారానికి మార్చుకోండి

విజయవాడ నుంచి వచ్చే అమ్మానాన్నలకి శుక్రవారం ఒక్కరోజులో నడుస్తూ పాతబస్తీ చూపించాలి, అమ్మకి మోకాళ్ల నొప్పి అన్నారు కదా. ముందు ఆ రోజు మార్చండి, శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ సెలవు, పైగా మక్కా మసీదు దగ్గర జుమ్మా రష్ ఉంటుంది.

శనివారం పొద్దున్నే ఎంజీబీఎస్ మెట్రోలో దిగి మెల్లగా అఫ్జల్‌గంజ్ వైపు నడవండి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో పాత చింతచెట్టు ఉంది, 1908 మూసీ వరదలో 150 మంది దాకా దాని కొమ్మలు పట్టుకునే బతికారంటారు, అది తప్పకుండా చూపించండి, నాకైతే చార్మినార్ కంటే అదే ముఖ్యం. తర్వాత నయాపూల్ మీద ఆగితే ఒక ఒడ్డున ఆసుపత్రి, అవతలి ఒడ్డున హైకోర్టు గుమ్మటాలు కనిపిస్తాయి.

మ్యూజియంలో 12 గంటలకి కొంచెం ముందే మ్యూజికల్ క్లాక్ ఎదురుగా అమ్మని కూర్చోబెట్టండి, లోపల్నుంచి చిన్న గడ్డం బొమ్మ బయటికొచ్చి 12 సార్లు గంట కొట్టి వెళ్లిపోతుంది, ఆ వంకతో కాళ్లకీ రెస్ట్ దొరుకుతుంది.

అక్కణ్ణుంచి చార్మినార్‌కి ఆటో ఎక్కేయండి, మధ్యాహ్నం ఎండలో పత్తర్‌గట్టి రద్దీలో ఆవిడని నడిపించొద్దు. పైకి 149 మెట్లు, అదీ ఇరుకు మెలిక మెట్లు, కాబట్టి నాన్నగారు ఎక్కితే మీరిద్దరూ కింద ఇరానీ చాయ్ తాగండి. చౌమహల్లా సాయంత్రం 5కే మూసేస్తారు, 3 కల్లా లోపలుండండి, లాడ్ బజార్ గాజులు ఆ తర్వాతే.