లాగిన్‌లో ఉండాలా, లాగౌట్ అవ్వాలా: జేఎన్‌టీయూలో చేరిన పాపకు

పాపా,

ప్రతిసారీ లాగౌట్ అవ్వాలా అని నువ్వు అడిగావని మీ నాయన చెప్పినాడు. సంతోషం. అనంతపురంలో, టవర్‌క్లాక్ దగ్గర నెట్ సెంటర్ నడిపినన్నాళ్లూ నన్ను ఈ మాట అడిగినవాళ్లు తక్కువ. హాల్‌టికెట్ ప్రింట్ తీసుకుని, మెయిల్ తెరిచే పెట్టి, బస్సుకు టైమైందని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.

ముందు లోపల జరిగేది తెలుసుకో. సైట్ తనంతట తాను మనల్ని గుర్తుపెట్టుకోలేదు. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి పోయేసరికి నువ్వెవరో దానికి తెలియదు. అందుకే 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీ ఇంజినీరు లూ మాంటుల్లి కుకీ అనే పద్ధతి తెచ్చాడు. నువ్వు పాస్‌వర్డ్, ఓటీపీ కొట్టాక సైట్ నీ బ్రౌజర్‌కు కుకీ రూపంలో ఒక గుర్తు ఇస్తుంది. ఆ తర్వాత చూసేది ఆ గుర్తునే. సైకిల్ స్టాండు టోకెన్ లాంటిదే, తెచ్చి చూపించినవాళ్లకే బండి ఇస్తారు. కుకీ దొంగిలించినవాడికి నీ పాస్‌వర్డ్‌తో గానీ, ఓటీపీతో గానీ చాలాసార్లు పనే ఉండదు. డబ్బు కట్టకుండా దొంగతనంగా వాడే క్రాక్ సాఫ్ట్‌వేర్లతో పాటు వచ్చే కొన్ని వైరస్‌లు చేసేది ఇదే. హాస్టల్లో ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారని ఏదీ ఇన్‌స్టాల్ చేయొద్దు. నాకు అన్నిటికన్నా టెన్షన్ దీని గురించే.

నీ సొంత ఫోన్‌లో, లాప్‌టాప్‌లో మాత్రం లాగిన్ అయ్యే ఉండు. స్క్రీన్ లాక్ గట్టిగా ఉంటే చాలు. రోజంతా పాస్‌వర్డ్ కొట్టి విసిగినవాళ్లు చివరికి పుట్టినతేదీయో ఫోన్ నంబరో పెట్టేసుకుంటారు. పైగా లాగిన్ పేజీ కనబడగానే చూడకుండా టైప్ చేయడం అలవాటవుతుంది. దొంగ పేజీలు పెట్టేవాళ్లకు కావల్సింది అదే. ఎప్పుడూ తెరుచుకునే సైట్ హఠాత్తుగా పాస్‌వర్డ్ అడిగితే, నువ్వు ఆగి పైన అడ్రస్ చూస్తావు. ఇది పెద్ద లాభం.

బ్యాంకు సైట్లు కాసేపు కదలకుండా ఉంటే వాటంతటవే లాగౌట్ చేస్తాయి. విసుక్కోవద్దు, పని కాగానే నువ్వే లాగౌట్ కొట్టు.

మెయిల్ సంగతి వేరు. మిగతా అకౌంట్లలో చాలావాటికి పాస్‌వర్డ్ మార్చే లింకు దానికే వస్తుంది కాబట్టి, అది పోతే అన్నీ పోయినట్టే. ల్యాబ్ సిస్టంలో, స్నేహితురాలి లాప్‌టాప్‌లో మెయిల్ తెరవకపోతేనే మంచిది. తప్పదంటే ఇన్‌కాగ్నిటో విండోలో (మూసేశాక నీ లాగిన్, చూసిన పేజీలు బ్రౌజర్‌లో మిగలని విండో) తెరువు, పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అంటే వద్దను, అయ్యాక లాగౌట్ కొట్టి ఆ విండోలన్నీ మూసెయ్. ఊరికే బ్రౌజర్ మూస్తే లాగౌట్ అయినట్టు కాదు. మళ్లీ తెరిస్తే పాత పేజీలే వచ్చేలా కొన్నిచోట్ల సెట్టింగ్ ఉంటుంది. ఇన్‌కాగ్నిటోలో దించుకున్న ఫైళ్లు కూడా ఆ సిస్టంలోనే ఉండిపోతాయి. నా సెంటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఊరందరి ఆధార్ కార్డులూ మార్కుల మెమోలూ ఉండేవి. రోజూ రాత్రి నేనే చెరిపేవాణ్ని. అన్నిచోట్లా చెరుపుతారని నమ్మకం పెట్టుకోవద్దు. దించుకున్నవి నువ్వే చెరిపి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి లే.

ఎక్కడైనా మర్చిపోయి వచ్చేస్తే కంగారు పడకు. గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీలోకి పోతే నీ లాగిన్ ఏయే పరికరాల్లో ఉందో కనిపిస్తుంది, అక్కడి నుంచే తీసేయొచ్చు. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ప్రతి సైటూ పాత లాగిన్లను తీసేయదు. అన్ని డివైసుల నుంచి లాగౌట్ అనేది ఉంటే అదీ నొక్కు. డబ్బు పోయిందనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, మాకు చెప్పడం ఆ తర్వాత.

దసరాకు తాడిపత్రి వచ్చినప్పుడు మీ అమ్మ ఫోన్‌లో వాట్సాప్ తెరిచి లింక్డ్ డివైసెస్ చూడు. నువ్వు గుర్తుపట్టని కంప్యూటర్ ఏదైనా కనిపిస్తే అక్కడే తీసేసి, ఆమెకూ చూపించు.

మీ పెద్దనాయన