విత్తనపు పొట్టేలును (పిల్లల కోసం మందలో ఉంచే మగ గొర్రెను) చూసి ఎంచుకోవడం ఎలా?

నెల్లూరు జాతి గొర్రెల్లో అందరి కళ్లూ ముందు ఎత్తు మీదే పడతాయి. నేనైతే ముందు కాళ్లు చూస్తాను. పొట్టేలును నడిపించి, వెనక నుంచి గమనించండి. వెనక కాళ్లు నిటారుగా, ఎడంగా ఉండాలి. మోకీళ్లు ఒకదానికొకటి రాసుకుంటుంటే వద్దు. దాటేటప్పుడు, అంటే గొర్రెతో జతకట్టేటప్పుడు, బరువంతా వెనక కాళ్ల మీదే పడుతుంది.

తర్వాత వృషణాలను చేత్తో తడమండి. రెండూ పెద్దవిగా, సమానంగా, గట్టిగా ఉండాలి. గడ్డలున్నా, ఒకటే దిగినా ఎంత అందమైన పొట్టేలైనా వదిలేయాల్సిందే. వీర్యకణాలు తయారవడానికి సుమారు 7 వారాలు పడుతుంది కాబట్టి, ఈ పరీక్ష దాటించే కాలానికి 2 నెలల ముందే చేయించండి.

ఛాతీ వెడల్పు, వీపు తిన్నగా ఉండటం సరే. కింది పళ్లు పైచిగురుకు సరిగ్గా ఆనాలి, లేకపోతే మేత కొరకలేదు. ఒక్క పొట్టేలు 25-30 గొర్రెలకు సరిపోతుంది, దాని లోపం అన్ని పిల్లలకూ రావచ్చు.