పాతపట్నంలో కొన్న టైరు, పర్లాకిమిడిలో కేసు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాకు 155 సీసీ స్పోర్ట్స్ బైక్ ఉంది. వెనక టైరు అరిగిపోతే మార్చిలో పాతపట్నం వెళ్లి కొత్తది వేయించుకున్నాను. కంపెనీ సైజు 140/70. షాపాయన "లావుది వేస్తే లుక్కూ బాగుంటుంది, గ్రిప్పూ బాగుంటుంది" అని 150/60 బిగించాడు. అయిదు నెలలు తిరక్కుండానే పక్కన సన్నటి పగుళ్లు, ఒకచోట బుడగ వచ్చాయి. మార్చమని అడిగితే "మీరు బండి ఎలా తోలారో మాకేం తెలుసు" అంటున్నాడు. "బిల్లు వద్దంటే జీఎస్టీ మిగులుతుంది" అని షాపాయన అంటే సరేనని ఫోన్‌పేలో డబ్బు కట్టాను. నా దగ్గర ఉన్నది ఎస్టిమేట్ చీటీ ఒక్కటే. నేనుండేది ఒడిశా, షాపు ఆంధ్రా. కేసు ఎక్కడ వేయాలి? ఈ టైరు వల్ల ఇన్సూరెన్సుకు ఇబ్బంది వస్తుందా?

జవాబు: ముందు మీ టెన్షన్ తీరే మాట చెబుతాను. కేసు పర్లాకిమిడిలోనే వేయొచ్చు. పాత 1986 చట్టం ఉన్నరోజుల్లో అయితే షాపు ఉన్న జిల్లాకు, అంటే శ్రీకాకుళానికి తిరగాల్సి వచ్చేది. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం 2019లో 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట గానీ, పని చేసుకునే చోట గానీ ఫిర్యాదు ఇవ్వొచ్చు. కాబట్టి గజపతి జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు, పాతపట్నం అటు పోయాయి. అప్పట్నుంచీ మహేంద్రతనయ నది దాటి సరుకు తెచ్చుకునే ప్రతి ఇంటికీ ఇదే అనుమానం. మీ కేసుకు ఆ సరిహద్దు గీత అడ్డు కాదు.

ఇక అసలు సంగతి. మీరు పంపిన ఫొటోల్లో నేను ఎక్కువసేపు చూసింది పగుళ్లను కాదు, డాట్ అనే అక్షరాల వరుస చివర కోడిగుడ్డు ఆకారంలో ఉన్న గడిలోని నాలుగంకెలను. అక్కడ 3821 అని ఉంది. అంటే 2021వ సంవత్సరం 38వ వారంలో తయారైన టైరు. మీకు బిగించేనాటికే దానికి నాలుగేళ్లు దాటాయి. పాత స్టాకు అమ్మడమే నేరం అని నేను అనను. కానీ ఎండలో, షాపు ముందు వేలాడదీసిన రబ్బరు కాలం గడిచేకొద్దీ గట్టిపడి పగులుతుంది. ఆ సంగతి చెప్పకుండా, ధర తగ్గించకుండా తాజా సరుకన్నట్టు అంటగట్టడం మాత్రం అన్యాయపు వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. మీ కేసుకు వెన్నెముక ఈ నాలుగంకెలే.

బుడగ విషయంలో మాత్రం అంత ధీమా వద్దు. సాధారణంగా గుంటలో గట్టిగా దిగినప్పుడు లోపలి దారాలు తెగి బుడగ వస్తుంది. అవతలి లాయరు తప్పకుండా ఈ మాటే ఎత్తుతాడు. పైగా సైజు లెక్క షాపాయనకే కలిసొస్తుంది. 140/70 అంటే టైరు వెడల్పు 140 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం, అంటే 98 మిల్లీమీటర్లు. 150/60లో 150లో 60 శాతం, అంటే 90. టైరు లావైంది కానీ, ఎత్తు 8 మిల్లీమీటర్లు తగ్గింది. ఆర్.ఉదయగిరి ఘాట్ ఎక్కి దిగే బండికి గుంటల దెబ్బ తట్టుకునే మెత్తదనం ఆ మేరకు పోయినట్టే. "కంపెనీ చెప్పని సైజు వేసుకున్నాడు" అన్న మాట వారంటీ దగ్గర కూడా మీ కాళ్లకు అడ్డం పడుతుంది. షాపాయన సలహా మీద వేయించానని మీరు చూపించగలిగితే బరువు కొంత అటు జరుగుతుంది. ఆయనతో వాట్సాప్‌లో మాట్లాడిన మెసేజీలు ఉంటే చెరిపేయకండి. వాటి ప్రింట్లతోపాటు, కొత్త సాక్ష్య చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ పెడితే అభ్యంతరం పెట్టడం కష్టం.

ఇంకో చిన్న విషయం. పాత టైరు మీద 66హెచ్ అనీ, దీని మీద 66ఎస్ అనీ ఉంది. 66 అంటే 300 కిలోల బరువు మోస్తుందని అర్థం, అది రెంటికీ సమానమే. అక్షరం టైరు తట్టుకునే గరిష్ఠ వేగం: హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్లు, ఎస్ అంటే 180. మన రోడ్ల మీద 180లో ఎవరు పోతారంటారా? నేనూ అదే అంటాను. కానీ కంపెనీ చెప్పిన అక్షరం కంటే తక్కువది వేశారన్నది కాగితం మీద మరో లోపంగా కనిపిస్తుంది, ఈసారి షాపాయన లోపంగా.

చీటీ గురించి భయపడకండి. ఎస్టిమేట్ అని రాసి, జీఎస్టీ నంబరు లేకుండా ఇవ్వడం మీ తప్పు కాదు. రెండొందలు దాటిన అమ్మకానికి జీఎస్టీలో నమోదైన వ్యాపారి పక్కా బిల్లు ఇవ్వాల్సిందే. బిల్లు ఇవ్వకపోవడాన్ని వినియోగదారుల చట్టం 2(47) సెక్షన్ కూడా తప్పుగానే చూస్తుంది. మీరు ఫోన్‌పేలో కట్టిన డబ్బు బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంటుంది, చీటీతో కలిపి అది చాలు. అయితే "బిల్లు వద్దంటే జీఎస్టీ మిగులుతుంది" అన్నప్పుడు తలూపింది మీరే కదా? కమిషన్‌లో అడిగితే దాచకండి.

చేయాల్సిన పని చెబుతాను. షాపుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, పదిహేను రోజులు గడువివ్వండి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. చాలా షాపులు ఆ దశలోనే దిగొస్తాయి. రాకపోతే టైరు కొన్న నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. సరుకు విలువ అయిదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. తెలుగులో ఉన్న చీటీకి ఇంగ్లీషు అనువాదం జత చేయండి. తయారీ లోపమా, వాడకం లోపమా అన్నది తేల్చడానికి కమిషన్ టైరును ల్యాబుకు పంపొచ్చు. అందుకని తయారీ కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చండి.

ఇన్సూరెన్సు మాట. ఎవరికైనా దెబ్బ తగిలితే థర్డ్ పార్టీ పరిహారం టైరు సైజు సాకుతో ఆగదు. మీ సొంత బండి డ్యామేజీ దగ్గర మాత్రం ఇన్సూరెన్సు కంపెనీ పంపే సర్వేయరు టైరు గురించి అడగొచ్చు, ఎందుకంటే బండిని మంచి స్థితిలో ఉంచుకోవాలన్నది పాలసీ షరతే. బండి దెబ్బతిని క్లెయిమ్ ఒప్పుకున్నా, టైరుకు సగం తరుగు కోస్తారు. రోడ్డు మీద పోలీసు చలానా భయం కంటే ఈ లెక్కే పెద్దది.

ఆ బుడగ టైరుతో ఇక తిరగకండి, పేలితే ఏ కమిషన్ ఏం చేస్తుంది? తీసేయించి, ఫొటోలు తీసి, గోనెసంచిలో చుట్టి ఇంట్లో నీడన పెట్టండి. ఈసారి 140/70నే అడగండి. ఐఎస్ఐ గుర్తు, టూవీలర్ టైర్ల ప్రమాణమైన ఐఎస్ 15627 నంబరు, తయారీ వారం మీరే కళ్లతో చూసి, ఆ వారం అంకెలు బిల్లు మీద రాయించుకోండి. తిరిగే వైపు చూపించే బాణం గుర్తు సరిగా పెట్టారో లేదో బిగించేటప్పుడే చూసుకోండి. కొత్త టైరు వేసే షాపువాడు "పాతది ఇస్తే వందో రెండొందలో తగ్గిస్తా" అంటాడు. ఇవ్వకండి, ల్యాబుకు పోవాల్సింది అదే.