రైల్ స్టాండ్‌లో బోర్డు ఒరిగిపోతోందా? ముందు వెడల్పులు చూడండి

ఫ్రీస్టైల్ స్కేట్‌బోర్డింగ్‌లో రైల్ స్టాండ్ (బోర్డును పక్కకి నిలబెట్టి దాని మీద నిలబడటం) చేస్తుంటే బోర్డు ఒరిగిపోతోందని అడిగారు. 8.25 అంగుళాల డెక్‌కి (నిలబడే చెక్క పలక) 7.6 అంగుళాల యాక్సిల్ (చక్రాలు తిరిగే ఇరుసు) ఉన్న ట్రక్కులు (చక్రాలను డెక్‌కి కలిపే లోహపు భాగాలు), 78ఏ చక్రాలు (ఏ అంటే గట్టిదనం కొలత, అంకె తగ్గేకొద్దీ మెత్తన) వేశానన్నారు. తేడా అక్కడే. చక్రాలు ఒక్కో వైపు దాదాపు 8 మి.మీ. లోపలికి ఉన్నాయి. బోర్డు పక్కకి నిలబెడితే బరువంతా చెక్క అంచు మీదే పడుతుంది, ఇక ఒరగక ఏం చేస్తుంది?

ట్రక్కులు ఉంచుకోండి, మిగతావి మార్చండి.

1. డెక్: 7.3–7.5 అంగుళాల వెడల్పు, 28–29 పొడవు, వీల్‌బేస్ (ముందు, వెనక ట్రక్కుల మధ్య దూరం) 12 దగ్గర. మొదట్లో రెండు కొనలూ పైకి లేచినదే మేలు.

2. చక్రాలు: 99ఏ–101ఏ, 54–57 మి.మీ. మెత్తటివి నేలను పట్టేసి స్పిన్‌ని సగంలో ఆపేస్తాయి.

3. చాలామంది వదిలేసేది ఇదే: యాక్సిల్ నట్టు. బిగించాక బోర్డును చదునైన గచ్చు మీద పక్కకి నిలబెట్టండి. నట్టుకీ నేలకీ మధ్య విజిటింగ్ కార్డు దూరాలి. దూరకపోతే మీరు నిలబడేది చక్రాల మీద కాదు, ఇనుము మీద, సర్రున జారుతుంది. చక్రం కోర్ (బేరింగులు కూర్చునే నడిమి భాగం) ఒక పక్కకి ఉంటే చక్రాన్ని తిప్పి వేయండి, నట్టు లోపలికి పోతుంది. చక్రం కాస్త బయటికి వస్తుంది కాబట్టి డెక్ అంచుతో మళ్లీ సరిచూసుకోండి. కోర్ సరిగ్గా మధ్యలో ఉంటే తిప్పినా లాభం లేదు, ఇంకాస్త వెడల్పు చక్రాలు కావాలి.

4. ముందూ వెనకా కొనల కింద ప్లాస్టిక్ స్కిడ్ ప్లేట్లు (చెక్క అరగకుండా కాపాడే పలకలు) వేయండి. ఇవి లేకుండా టెయిల్ (వెనక కొన) మీద తిరిగితే చెక్క త్వరగా అరిగిపోతుంది.

బేరింగులు మామూలు 608 సైజువి, మొత్తం 8 చాలు. ఖరీదైనవి దండగ.